సైకాలజీ డిప్లొమా: చేతికొచ్చేదేమిటి, రానిదేమిటి

డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు, బడిలో పాఠాలు చెప్పే టీచర్లు, కాస్త తీరిక చిక్కిన గృహిణులు, రిటైరైన ఉద్యోగులు... సైకాలజీలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా, పీజీ డిప్లొమా చేద్దామనుకునేవాళ్లు అన్ని వయసుల్లోనూ ఉన్నారు. ఎదుటి మనిషి బాధ అర్థం చేసుకోవాలన్న కోరిక విలువైనది. అందుకే ఆ కోరికతో వచ్చినవాళ్లకు తప్పుడు ఆశలు పెట్టి ఫీజు కట్టించుకోవడం చూస్తే కడుపు మండుతుంది. చేరేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

అపోహ: డిప్లొమా వస్తే సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవచ్చు.

ముందుగా 'క్లినికల్' అన్న మాట సంగతి చూద్దాం. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం, పేరు నమోదు చేసుకోకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇన్నాళ్లూ అందులో చేరడానికి ప్రధానమైన దారి ఒకటే: సైకాలజీలో పీజీ చేసి, ఆపైన ఆస్పత్రిలో రోగుల మధ్య రెండేళ్లు ఎం.ఫిల్. చదవడం. ప్రొఫెషనల్ డిప్లొమా ఇన్ క్లినికల్ సైకాలజీ అని ఆర్‌సీఐ గుర్తించిన ఏడాది కోర్సు ఒకటుంది. పేరులో డిప్లొమా ఉన్నా అదీ పీజీ తర్వాత చదివేదే. వారాంతపు తరగతులతో ముగిసే కోర్సుకూ దానికీ పోలికే లేదు. ఇక సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చేసి, మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు. డిప్లొమా చేసినవాళ్లు మందుల జోలికి పోకూడదు.

'మాది ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ' అన్న మాట విన్నప్పుడు ఇంకో ప్రశ్న వేయాలి: గుర్తింపు దేనికి? సొసైటీగానో కంపెనీగానో రిజిస్టరైతే సంస్థ ఉన్నట్టు లెక్క, అంతే. ఐఎస్ఓ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కోర్సుకు విలువ రాదు. డిప్లొమా ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం, దానికి యూజీసీ గుర్తింపు ఉందా అన్నది చూడాలి. దూరవిద్యలో చదవాలనుకునేవాళ్లు మరో సంగతి గమనించాలి. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపొద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఈ సబ్జెక్టు రావడమే అందుకు కారణం. పాత ప్రకటన చూసి డబ్బు కట్టేముందు ఈ మాట గట్టిగా అడగండి.

అపోహ: అయితే డిప్లొమా చదవడం దండగే.

ఈ మాటతో నేను అస్సలు ఏకీభవించను. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన గోవా అధ్యయనం చూడండి. అంతకుముందు మానసిక ఆరోగ్యంలో ఏ చదువూ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే డిప్రెషన్ రోగులతో ఒక పద్ధతి ప్రకారం కొన్ని దఫాలు మాట్లాడించారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ల కన్నా వీళ్లు బాగా కోలుకున్నారు. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం జరిగింది. రెండు చోట్లా పని నడిచింది శిక్షణ వల్ల, పైనుంచి చూసేవాళ్లు ఉండటం వల్ల, తమ చేతిలో లేనిదాన్ని పైకి పంపే దారి ఉండటం వల్ల.

మంచి డిప్లొమా నేర్పాల్సింది కూడా అదే. ఎన్‌సీఈఆర్‌టీ ముఖ్యంగా టీచర్ల కోసం నడుపుతూ వచ్చిన గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమాలో ఆరు నెలలు ఇంటి దగ్గర చదువు, మూడు నెలలు ఎదురుగా కూర్చుని నేర్చుకోవడం, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. అలాంటి చదువు చదివిన టీచరమ్మ నిద్ర పట్టడం లేదంటున్న ఇంటర్ పిల్లవాణ్ని 'బాగా చదువుకో, అన్నీ సర్దుకుంటాయి' అని పంపేయదు. కూర్చోబెట్టి వింటుంది, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయం. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. అడిగేవాళ్లు లేకపోవడమే ప్రమాదం. అవసరమైతే ఆ టీచరమ్మే తల్లిదండ్రులతో మాట్లాడి డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. ఇది చిన్న పని కాదు.

అపోహ: లెక్కలు రానివాళ్లకు ఇదే సులువైన సబ్జెక్టు.

స్టాటిస్టిక్స్ లేకుండా సైకాలజీ లేదు. ఐక్యూ పరీక్షే తీసుకుందాం. ఇప్పటి పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం సాధారణంగా 15. అంటే నూటికి సుమారు 68 మంది 85కూ 115కూ మధ్యనే ఉంటారు. ఇది తెలియని మనిషి 92 వచ్చిన పిల్లవాణ్ని 'తక్కువ' అనేస్తాడు, ఆ ముద్ర ఆ బిడ్డ మీద ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పైగా ఆ పరీక్షను ఎవరి మీద ప్రామాణీకరించారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఫ్రాన్సులో 1905లో సైకాలజిస్టు బినే తయారుచేసిన తెలివితేటల పరీక్షను మన దేశానికి తగ్గట్టు కామత్ అనే పరిశోధకుడు మార్చాల్సి వచ్చింది. ఎక్కడో అమెరికా పిల్లలకు రాసిన ప్రశ్నలను నెట్‌లోంచి దించి, అప్పటికప్పుడు తెలుగు చేసి, ఆదిలాబాద్ పిల్లవాడికి మార్కులేస్తే ఆ అంకెకు అర్థం లేదు. లెక్కల పాఠం అయిష్టంగానైనా శ్రద్ధగా వినాలి.

అపోహ: ముఖం చూసి మనసు చదివే విద్య ఇది.

కాదు. అబద్ధాన్ని పట్టుకోవడంపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2006లో చూస్తే, మనుషులు సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లే. బొమ్మా బొరుసా వేసినా సగం సార్లు సరిపోతుంది కదా!

అపోహ: నా బాధ తీరాలంటే సైకాలజీ చదివితే చాలు.

సొంత గాయంతో ఈ చదువుకు వచ్చేవాళ్లు ఉన్నారు, రావడం తప్పు కాదు. కానీ పాఠం చికిత్స అవదు. మానని గాయంతో కౌన్సెలింగ్ గదిలో కూర్చుంటే ఎదుటివాళ్ల కథలో మన కథే వినిపిస్తుంది, సలహా మనకు మనం చెప్పుకున్నట్టు ఉంటుంది. ముందు మీరు ఎవరితోనైనా మాట్లాడండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలి-మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. ఫోనుకు డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.