చుక్కల వయసు చెప్పే రంగులు

కార్తీకమాసంలో దీపం పెట్టాక ఒక్కసారి తూర్పు వైపు చూడండి. తిరుమల కొండ మీదైనా, మన మిద్దె మీదైనా చిన్న గుత్తిలా ఆరేడు చుక్కలు కనిపిస్తాయి. అవే కృత్తికలు. ఒకే మబ్బులోంచి ఇంచుమించు ఒకేసారి పుట్టిన అక్కచెల్లెళ్లు. వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. ఆకాశం లెక్కలో ఇంకా పసిపిల్లలే!

ఇలాంటి గుత్తులు చాలావరకు కొన్ని పదుల కోట్ల ఏళ్లలో చెదిరిపోతాయి, పెళ్లిళ్లయి తలా ఒక ఊరు చేరిన ఆడపిల్లల్లాగా. ఏ కొన్నో మాత్రం ముసలితనం దాకా కలిసే ఉంటాయి. కర్కాటక రాశిలోని 'ఎమ్ 67' అలాంటిదే. దాని వయసు సుమారు 400 కోట్ల ఏళ్లు. మన సూర్యుడిది 460 కోట్లు.

మరి పుట్టినరోజు రాసి పెట్టని చుక్కల వయసు ఎలా తెలుస్తుందంటారా? టెలిస్కోపుకు ఒకసారి నీలం అద్దం, ఒకసారి పసుపుపచ్చ అద్దం అడ్డుపెట్టి, ఒక్కో చుక్క నుంచి ఎంత వెలుగు వస్తోందో కొలుస్తారు. దీన్నే ఫోటోమెట్రీ అంటారు. ఆ రెండు కొలతల తేడాను బట్టి చుక్క రంగు, రంగును బట్టి వేడి తెలుస్తాయి. పొయ్యిలో పెట్టిన ఇనప ఊచ మొదట ఎర్రబడి, ఇంకా కాలితే తెల్లబడుతుంది కదా! చుక్కల్లో అన్నిటికన్నా వేడివి నీలంగా ఉంటాయి.

ఇక గ్యాసు సంగతి మనకు తెలిసిందే. ఇంటి సిలిండరు నెల పైనే వస్తుంది. హోటలు సిలిండరు పెద్దదే అయినా, మంట పెద్దది కనక ముందే అయిపోతుంది. చుక్కలూ అంతే. పెద్ద నీలి చుక్కలు త్వరగా ఖర్చయిపోతాయి, చిన్న ఎర్రవి నిదానంగా మండుతాయి. అన్నీ ఒకేసారి వెలిగాయి కనక, ఏ సైజు దాకా అయిపోయాయో చూస్తే గుత్తి వయసు తేలిపోతుంది.

విచిత్రమేమిటంటే ఎమ్ 67లో ఈపాటికి అయిపోవలసిన నీలి చుక్కలు కొన్ని ఇంకా వెలుగుతున్నాయి! 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం వాటిని అతినీలలోహిత కాంతిలో చూసింది. ఒక నీలి చుక్క పక్కన, ఉన్నదంతా ఇచ్చేసి చిక్కిపోయిన జోడు చుక్క ఉందని 2019లో తేలింది. తోటిదాని ఇంధనం తీసుకుని ఇది పడుచుదైందన్న మాట. ఈ పని చేసినవారిలో బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థకు చెందిన అన్నపూర్ణి సుబ్రమణియం ఒకరు. ఆమె 2019లోనే ఆ సంస్థకు డైరెక్టరయ్యారు. మన చిత్తూరు సరిహద్దు దాటితే తమిళనాట కావలూరులో ఉన్న అబ్జర్వేటరీ కూడా ఆ సంస్థదే. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు పేరే దానికి పెట్టారు.

ఇంకొక్క మాట. పంచాంగం లెక్కన ఎమ్ 67 ఉన్నది ఆశ్లేష భాగంలో. ఆశ్లేషలో పుట్టిన పిల్ల అత్తకు గండమని సంబంధాలు తప్పిపోవడం మీరూ చూసే ఉంటారు. అక్కడి నుంచి ఈ రాత్రి మన కంటికి చేరే వెలుగు దాదాపు 2,800 ఏళ్ల కిందట బయల్దేరింది. నిన్నమొన్న పుట్టిన పిల్ల గురించి దానికేం తెలుసు? ఆ వెలుగు తన వయసు చెబుతుంది, తన వేడి చెబుతుంది. మనింటి కోడలి గుణం మాత్రం చెప్పదు.

ఇలా చూడండి: ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమావాస్య దగ్గరి రాత్రుళ్లు, వీధిదీపాలు లేని చోట బైనాక్యులరుతో చూస్తే ఎమ్ 67 చిన్న మసక మచ్చలా కనిపిస్తుంది. పిల్లలకూ, ముఖ్యంగా ఆడపిల్లలకూ చూపించండి.