భిలాయ్‌ పొదుపు... తుపాను తీరాన ఇల్లు
అనుమతి పత్రం ఒక్కటే రక్షణ కాదు. గుత్తేదారుతో రాతకోతలు లేకుంటే చిక్కులు తప్పవు

భిలాయ్‌: ఉక్కు కర్మాగారంలో జీవితకాలం పనిచేసి పదవీ విరమణ చేసే తెలుగు కార్మికుడి ముందు నిలిచే మొదటి ప్రశ్న ఇల్లు. భవిష్య నిధి, గ్రాట్యుటీ సొమ్ముతో ఇక్కడే స్థిరపడాలా, లేక సొంత ఊరికి వెళ్లి ఇల్లు కట్టుకోవాలా? రెండో దారి ఎంచుకునే వారిలో చాలామంది ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్నాయి. అది తుపానుల దారి. ఛత్తీస్‌గఢ్‌ నడిబొడ్డున బతికిన అనుభవం అక్కడ ఇల్లు కట్టడానికి చాలదు.

సోవియట్‌ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్‌ కర్మాగారం వెలిసింది. తొలి బ్లాస్ట్‌ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్‌ రాజేంద్రప్రసాద్‌ ప్రారంభించారు. నాటి నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి తరలివస్తూనే ఉన్నాయి. టౌన్‌షిప్‌ క్వార్టర్ల భూమి యాజమాన్యానిది; మరమ్మతుల బాధ్యత కూడా చాలావరకు యాజమాన్యానిదే. అందువల్ల ప్లాను, అనుమతి, గుత్త ఒప్పందం వంటి వ్యవహారాలతో కార్మికుడికి పదవీ విరమణ దాకా పెద్దగా పని పడదు. పని పడేనాటికి చేతిలో ఉన్నది తిరిగి సంపాదించలేని సొమ్ము.

గాలి లెక్కలో తేడా

భవనాలపై గాలి ఒత్తిడిని లెక్కగట్టేందుకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్‌ 875 మూడో భాగం దేశాన్ని గాలి వేగం ప్రకారం మండలాలుగా విభజించింది. అందులో భిలాయ్‌కి నిర్ణయించిన ప్రాథమిక వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు సుమారు 140 కిలోమీటర్లు. విశాఖపట్నానికి ఇది సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. తేడా 40 కిలోమీటర్లే కదా అనిపించవచ్చు. కానీ ఒత్తిడి గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మిగిలిన పరిస్థితులు ఒకటే అనుకుంటే, భిలాయ్‌లో గోడపై 100 పాళ్ల ఒత్తిడి పడే చోట విశాఖలో 164 పాళ్లు పడుతుంది.

ఈ లెక్క కాగితాలకే పరిమితం కాదని రెండు తుపానులు రుజువు చేశాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విశాఖ నగరం మీదుగానే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. రేకుల కప్పులు ఎగిరిపోయి వేలాది కుటుంబాలు నిలువనీడ కోల్పోయాయి.

2015లో సవరించిన ఐఎస్‌ 875 తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి ప్రత్యేక గుణకాన్ని చేర్చింది. ఆసుపత్రులు, తుపాను ఆశ్రయ కేంద్రాల వంటి కట్టడాలకు లెక్కలో గాలి వేగాన్ని 30 శాతం పెంచాలి. మామూలు ఇళ్లకు ఈ పెంపు తప్పనిసరి కాదు. అయితే ఎత్తు తక్కువ ఇళ్లకు తుపాను నిరోధక శక్తి పెంచే మార్గదర్శకాలు 2004లోనే ఐఎస్‌ 15498 పేరుతో వెలువడ్డాయి. కప్పును గోడలకు, గోడలను పునాదికి గట్టిగా బంధించడం, చూరును తక్కువగా ఉంచడం, తలుపులు, కిటికీలు గాలికి తెరుచుకోకుండా చూడడం వీటి సారాంశం. కిటికీ ఊడితే గాలి లోపలికి దూరి కప్పును కింది నుంచి పైకి నెడుతుంది. చాలా కప్పులు లేచిపోయేది ఇలాగే.

ఉక్కు తయారుచేసిన వారికి తుప్పు గురించి వేరే చెప్పనక్కరలేదు. అయినా తీరంలో కట్టే ఇంట్లో ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేది ఇదే. 2000లో సవరించిన ఐఎస్‌ 456 ప్రకారం సాధారణ పరిస్థితుల్లో ఇనుప చువ్వపై 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు చాలు. సముద్రపు గాలికి నేరుగా గురయ్యే చోట అది 45 మిల్లీమీటర్లు ఉండాలి. కాంక్రీటు కనీసం ఎం 30 రకంది కావాలి. మేస్త్రీ అలవాటు కొద్దీ 20 మిల్లీమీటర్లతో సరిపెడితే ఆ లోపం పోత పోసిన నాడు బయటపడదు. కొన్నేళ్లకు చువ్వలు ఉబ్బి పెచ్చులు రాలినప్పుడే తెలుస్తుంది.

అనుమతి ఎవరిది?

ఊరు పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామ పంచాయతీ, పట్టణమైతే పురపాలక సంఘం లేదా నగర పాలక సంస్థ అనుమతి ఇస్తాయి. పట్టణ ప్రాంతాల్లో 2017 నాటి ఆంధ్రప్రదేశ్‌ భవన నియమాలు ఇందుకు ఆధారం. తీరానికి మరీ చేరువగా స్థలం ఉన్నవారు తీరప్రాంత క్రమబద్ధీకరణ మండలి నిబంధనలు కూడా చూసుకోవాలి. 1991లో మొదలైన ఈ నిబంధనలను 2011లోను, 2019లోను మార్చారు. 2019 ప్రకటన గ్రామీణ తీరాన్ని జనసాంద్రత ప్రకారం రెండుగా విడదీసింది. జనం ఒత్తుగా ఉన్న చోట ఆటుపోటు గరిష్ఠ రేఖ నుంచి 50 మీటర్లు, మిగిలిన చోట 200 మీటర్ల మేర నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా పేర్కొంది. స్థలం కొనకముందే ఈ రేఖ ఎక్కడుందో తెలుసుకోవడం మేలు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. అనుమతి వచ్చిందంటే ఇల్లు గట్టిదని ప్రభుత్వం ధ్రువీకరించినట్లేనని పలువురు భావిస్తారు. చిన్న ఇళ్ల విషయంలో అనుమతి ప్రధానంగా స్థలం హక్కు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తు వంటి వాటినే పరిశీలిస్తుంది. గాలికి తట్టుకునే బాధ్యత ప్లాను గీసి సంతకం చేసిన సాంకేతిక నిపుణుడిది, కట్టిన గుత్తేదారుది, కట్టించుకున్న యజమానిది.

గుత్తేదారుకు లైసెన్సు ఏదీ?

అమెరికాలోని ఫ్లోరిడా ఈ సమస్యను మరో విధంగా ఎదుర్కొంది. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను వేలాది ఇళ్లను ధ్వంసం చేసిన తరువాత నాసిరకం పని, తూతూమంత్రం తనిఖీలు బయటపడ్డాయి. 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే భవన నియమావళి అమలులోకి వచ్చింది. అక్కడ లైసెన్సు లేకుండా గుత్త పని చేయడం నేరం. తుపాను అత్యవసర పరిస్థితి ప్రకటించిన కాలంలో అది మరింత తీవ్రమైన నేరం అవుతుంది.

మన దేశంలో సొంత స్థలంలో ఇల్లు కట్టే మేస్త్రీకి అటువంటి లైసెన్సు నిబంధన సాధారణంగా లేదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం అమ్మకానికి కట్టే వారికి వర్తిస్తుంది. ఒక వ్యక్తి తన ఇంటిని మేస్త్రీతో కట్టించుకుంటే ఆ చట్టం కింద దొరికే అయిదేళ్ల నిర్మాణ లోపాల హామీ దక్కదు. చదరపు అడుగుకు ఇంత అని నోటిమాటగా గుత్త కుదుర్చుకుని, పర్యవేక్షణ బంధువుకు అప్పగించి, భిలాయ్‌ నుంచి విడతలుగా డబ్బు పంపే యజమానికి ఈ ఖాళీయే ప్రమాదకరం.

దుర్గ్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇంటి నిర్మాణం 1993 నుంచి వినియోగదారుల చట్టంలో సేవ కిందికి వస్తోంది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం ముఖ్యమైన వెసులుబాటు కల్పించింది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పలాస సమీపంలో కట్టిన ఇంటి లోపంపై భిలాయ్‌వాసి దుర్గ్‌ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయవచ్చునన్నమాట. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఆ పని చేయాలి.

కానీ కమిషన్‌ ముందు నిలిచేది కాగితం. అందుకే పని మొదలుకాకముందే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. కాంక్రీటు రకం, చువ్వల కవరు, కప్పు బంధనాల వివరాలు అందులో చేరాలి. పునాది, లింటెల్‌, శ్లాబు దశల వారీగా, ఇంజనీరు పరిశీలించిన తరువాతే చెల్లింపులు జరగాలి. అవి బ్యాంకు ద్వారా సాగాలి. కొంత సొమ్మును ఒక వానాకాలం గడిచే దాకా నిలిపి ఉంచాలన్న షరతు రాసుకోవడం మంచిది. శ్లాబు పోయకముందు చువ్వల అమరికను ఫొటోలు తీసి భద్రపరిస్తే, పోత పడ్డాక కంటికి కనపడని దానికి అదే సాక్ష్యం అవుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా భిలాయ్‌ సెక్టార్లలో ఊరికి ఫోన్లు మోగుతాయి. కప్పు నిలుస్తుందా లేదా అన్నది అప్పటికే, శ్లాబు పోసిన నాడే తేలిపోయి ఉంటుంది.