కదలని బొమ్మల కదలిక

విద్యార్థులారా! టెలివిజన్ తెరపై పరుగెత్తు గుఱ్ఱమును మీరు చూచియే యుందురు. నిజమునకు ఆ తెరపై ఏదియు పరుగెత్తుట లేదు. ఒకదాని వెంట నొకటి మారుచున్న నిశ్చల చిత్రములే అచ్చట గలవు. ఈ మర్మము తెలియవలెనన్న ఆ వృత్తిలో వాడుకలోనున్న నాలుగు మాటలను మన మెఱుగవలెను.

మొదటిది ఫ్రేము. కెమెరా తీసిన ఒక్కొక్క నిశ్చల చిత్రమునకు ఫ్రేమని పేరు. సినిమాలో సాధారణముగా సెకనుకు 24 ఫ్రేములు, మన దేశపు టెలివిజన్‌లో 25 ఫ్రేములు మారుచుండును. ఆ వేగమునకు మన మెదడు వానిని విడివిడిగా గుర్తింపజాలక, వాని నడుమనున్న భేదమును కదలికగా గ్రహించును.

రెండవది పిక్సెల్. ప్రతి ఫ్రేమును లెక్కలేనన్ని చిన్న చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్క ఒక పిక్సెల్. 1926వ సంవత్సరమున జాన్ లోగీ బేర్డ్ లండన్ నగరములో తన టెలివిజన్ యంత్రమును శాస్త్రజ్ఞులకు చూపినపుడు పిక్సెళ్లు లేవు. చిత్రమును 30 గీతలుగా విభజించి పంపెను. అందుచే ముఖము మసకగా కనబడెను. నేటి హెచ్.డి. చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లుండును. అనగా మొత్తము ఇరువది లక్షలకు పైమాటయే! కనుకనే కనురెప్ప వెండ్రుకలు సైతము స్పష్టముగా కనబడుచున్నవి.

ఈ రెండును యంత్రము చేయు పనులు. తక్కిన రెండును మనుష్యుడు చేయు పనులు.

మూడవది షాట్. కెమెరా నడచుట మొదలిడినది మొదలు ఆగువఱకు తీసిన భాగము షాట్ అనబడును. విశాలమైన మైదానమున ఒక మూల పదిమంది నిలిచియున్నారనుకొనుడు. దగ్గఱనుండి తీసిన షాట్‌లో తెర నిండ జనమే! దూరమునుండి తీసినచో మైదానమంతయు శూన్యము. రెండును నిజమైన చిత్రములే. కాని చూచువాని మనస్సున కలుగు అభిప్రాయములు వేఱు.

నాలుగవది కట్. ఒక షాట్‌ను ముగించి మఱియొక దానిని అతికించు చోటు అది. రష్యా దేశపు దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతమున ఒకే నటుని ముఖమును ఒకచోట ఆహారపు గిన్నె ప్రక్కను, మఱియొకచోట శవపేటిక ప్రక్కను అతికించి చూపెను. ప్రేక్షకులు మొదటి దానిలో ఆకలిని, రెండవ దానిలో దుఃఖమును చూచిరని ప్రసిద్ధి. ముఖము మాఱలేదు, ప్రక్కనున్న చిత్రము మాత్రమే మాఱినది.

నేడు వార్తలు, వివాదములు, తీర్పులు కూడ ఈ చిత్రముల ద్వారానే మన యింటికి వచ్చుచున్నవి. కన్నులార చూచితిమి గనుక నిజమేయని తొందరపడి ఎవరిని నిందింపరాదు. కెమెరా ఎచ్చట నిలిచినది? కట్‌కు ముందేమి జరిగినది? తరువాత నేమి జరిగినది? ఈ ప్రశ్నలు వేసికొనువాడే వివేకముగల ప్రేక్షకుడు.