ఒక్క దినమున పన్ను: ఎవరికి తగును?

ముందు పన్ను ఒకటి ఊడినవారి బాధ తక్కినవారికి తెలియుట కష్టము. తినుటకు ఆ లోపమంతగా కనబడదు. నవ్వునప్పుడును, సకారము పలుకునప్పుడును కనబడును. పెండ్లిచూపులు దగ్గరపడిన యింట ఆ సందు అరచేయి వెడల్పున తోచును. ఏలూరునగాని, తాడేపల్లిగూడెమునగాని ఇట్టివారు దంతవైద్యుని అడుగు ప్రశ్న యొకటియే: "ఈ దినమే పన్ను పెట్టగలరా, డాక్టరుగారూ?"

కొందరికి పెట్టవచ్చును.

స్వీడను దేశమున బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు 1952 ప్రాంతమున కుందేటి యెముకలో అమర్చిన టైటానియపు పరికరము తిరిగి ఊడిరాకుండుట గమనించెను. ఎముక దానిని పట్టివేసినది! 1965లో మనుష్యుని దవుడలో టైటానియపు మరలు బిగించి, వానిపై పండ్లు నిలిపెను. నాటి నియమము ప్రకారము మర బిగించి, చిగురు కుట్టివేసి, క్రింది దవుడకు 3 నెలలు, పై దవుడకు 6 నెలలు ఆగవలెను.

ఎందుకాగవలెనో కొల్లేటి చుట్టుపట్ల రైతులకు చెప్పనక్కరలేదు. ఊడ్చిన వరి మూన తిరుగువరకు దానిని కదపరాదు. మర విషయమును అంతియే. మిల్లీమీటరులో పదవ వంతుకు మించి అది మాటిమాటికి కదలెనా, చుట్టును ఎముకకు బదులు మెత్తని నారపొర పెరుగును. ఇక ఆ మర నిలువదు. మరియొక చిత్రము: మొదటి దినమున గట్టిగానున్న మర మూడు, నాలుగు వారములకు కొంత వదులగును. పాత యెముక కరగుచు, క్రొత్తది ఇంకను గట్టిపడని కాలమది. నొప్పి లేదుకదా యని చెరకు ముక్క కొరికిన చేటు వచ్చునది అప్పుడే.

మర దిగునప్పుడే సుమారు 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువు దొరకెనేని, వారము లోపల, ఒక్కొక్కప్పుడు ఆ దినముననే, తాత్కాలికమైన పన్ను తొడుగవచ్చును. అది చూపునకే, ఎదుటి పండ్లకు తగులకుండ అరగదీసి యుంచెదరు. శాశ్వతమైనది కొన్ని నెలల పిమ్మటనే.

ఈ తొందరకు సాయపడునవి డిజిటల్ యంత్రములు. కోన్ బీమ్ స్కానింగు ఎముక వెడల్పును, నరము చోటును చూపును. నోటిలోనికి పంపు చిన్న కెమేరా పండ్ల ఆకారమును కంప్యూటరున కెక్కించును. నోటినిండ ముద్ద క్రుక్కి అచ్చు తీయు బాధ తప్పును. (పలువురకు ఇదియే గొప్ప మేలు.) రెండు చిత్రములను పొదిగి, మర దిగవలసిన కోణమును ముందుగనే నిర్ణయించి, అందుకు తగిన రంధ్రముగల తొడుగును త్రీడీ ప్రింటరుపై చేసెదరు. తాత్కాలికమైన పన్నును సయితము శస్త్రచికిత్సకు ముందే సిద్ధపరచవచ్చును. అయినను, అనుకొన్న చోటికిని మర దిగిన చోటికిని సగటున మిల్లీమీటరుకు కొంచెము పైగా భేదముండును. అందుచేతనే నరమునకు దూరము విడుతురు. కంప్యూటరు చోటు చూపగలదు కాని ఎముకను గట్టిపరచలేదు.

మధుమేహము అదుపులో లేనివారును, విడువక చుట్టలు, సిగరెట్లు కాల్చువారును, నిద్రలో పండ్లు కొరుకువారును, పంటి మూలమున చీముగలవారును ఆగుటయే మేలు. తగినవారి విషయములో, వెంటనే తొడిగినదానికిని ఆగి తొడిగినదానికిని ఫలితమున భేదము స్వల్పము.

ఏలూరు చెంత దుగ్గిరాలలోను, భీమవరములోను దంతవైద్య కళాశాలలున్నవి. సలహాకు దూరము పోనక్కరలేదు. మర ఎంత బిగువున దిగినది, పన్ను ఎదుటి పంటికి తగులుచున్నదా, బిగువు చాలనిచో మారుమార్గమేమి అని తప్పక అడుగుడు. పన్ను తొడిగిన పిమ్మట ఆరు, ఎనిమిది వారములు మెత్తని అన్నము, ముల్లు తీసిన కొర్రమీను పులుసు తినవచ్చును. జంతికలను మాత్రము ఇంటిలోని పిల్లలకు విడిచిపెట్టవలెను.