పెనము చుట్టు పంక్తి

జపాను భాషలో 'తెప్పన్' అనగా ఇనుప పలక. 'యాకి' అనగా కాల్చుట. 1945లో కోబె నగరమునందు నెలకొన్న మిసోనో భోజనశాల ఈ 'తెప్పన్‌యాకి' పద్ధతికి ఆద్యమని చెప్పుదురు. 1964లో న్యూయార్కున వెలసిన బెనిహానా దీనిని అమెరికనులకు పరిచయము చేసినది.

ఇందు పొయ్యియే భోజనపు బల్ల. కాగిన పలక చుట్టును అతిథులు కూర్చుందురు. వంటవాడు వారి యెదుటనే రొయ్యలు, మాంసము, కూరగాయలు కోసి, కాల్చి, వేడివేడిగా వడ్డించును.

విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములందు అట్లు పోయు ఇల్లాలికి ఇందలి మర్మము తెలియనిది కాదు. పెనముపై చిలికిన నీటిబొట్టు వెంటనే యింకక ముత్యమువలె దొర్లినచో, దాని యడుగున ఆవిరిపొర యేర్పడినదనియు, పెనము మిక్కిలి కాగినదనియు అర్థము. దళసరి ఇనుము వేడిని నిలుపుకొనును; చల్లని పదార్థము పడినను త్వరగా చల్లారదు. కావున ఆ పదార్థము నీరుకారి ఉడుకక, ఎఱ్ఱగా కాలును.

భేదమొక్కటే. అచ్చట వంటవాడు పంక్తి నడుమ నిలుచును. అతని నేర్పును అందఱును చూతురు. మన యింట అట్లు పోయు నామె వంటగదిలో ఒంటరిగా నిలుచును. కడపటి అట్టు ఆమెది. శ్రోతలారా! పెనము చెంతకు పీటలు జరుపుకొనుటకు జపాను పోనక్కఱలేదు.