ఏ గేరులో ఎక్కితే... ఆ గేరులోనే దిగు!

మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు... ఇల్లు మొత్తాన్నీ చక్రాలెక్కించి కనుమ దాటితే ఎలా ఉంటుంది? కర్నూలు నుంచి శ్రీశైలం, అక్కణ్నుంచి కడప, గువ్వలచెరువు ఘాట్... కారవాన్‌లో తిరిగొచ్చాక తెలిసిన సంగతులివి.

''ఏదో మాడుతోందే...'' అంది అత్త.

శ్రీశైలంలో దర్శనం చేసుకుని, శిఖరం దాటి దోర్నాల వైపు దిగుతున్నాం. బండిలో పొయ్యి ఉంది కదా, అందరి చూపూ అటే పోయింది. అత్త లేచి, ఊగుతున్న బండిలో కడ్డీ పట్టుకుని వెళ్లి చూసింది. పొయ్యి ఆర్పేసే ఉంది. సిలిండర్ కట్టేసే ఉంది. బోర్లించిన గిన్నెలు బోర్లించినట్టే ఉన్నాయి. వాసన మాత్రం పెరుగుతోంది.

ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. స్టీరింగ్ పట్టుకున్న మా బావతో మెల్లగా అన్నాడు.

''నాయినా, పొయ్యి కాదు అది. నీ కాలి కింద మాడేది. ముందర జాగా ఉంటాది, పక్కకు తీసి బండి నిలుపు.''

ఆపాం. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర సన్నగా పొగ! బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. బాటిల్‌తో నీళ్లు పోయబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుందట. చక్రాల కింద రాళ్లు పెట్టించి, గట్టు మీద కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

''నిన్న ఈ మలుపు ఏ గేరులో ఎక్కినావు?''

''రెండో గేరులో అన్నా.''

''మరి ఇప్పుడు?''

బావ నీళ్లు నమిలాడు. నాలుగో గేరు!

''ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగల్ల నాయినా. ఎక్కేటప్పుడు బండిని ఇంజిన్ మోస్తాది. దిగేటప్పుడూ ఇంజినే మొయ్యల్ల. బ్రేకు మీద కాలు పెట్టుకోని కూసుంటే ఎట్ల?''

పాతికేళ్లకు పైగా కర్నూలు లారీ నడిపిన మనిషి ఆయన. హైదరాబాద్ రోడ్ల మీద మాత్రమే బండి నడిపిన మా బావకు తోడుగా ఉంటాడని వెంట తీసుకెళ్లాం. ఆ అరగంటలో ఆయన చెప్పింది ఏ డ్రైవింగ్ పుస్తకానికీ తీసిపోదు.

చక్రాలెక్కిన ఇల్లు

కారవాన్ అనగానే మనకు సినిమా తారలే గుర్తొస్తారు. షాట్‌కీ షాట్‌కీ మధ్య వాళ్లు సేదతీరే బండి. విదేశాల్లో మాత్రం అది మామూలు సంసారుల సెలవుల బండి. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే ఇల్లు. ఇప్పుడు ఆ ముచ్చట మనదాకా వచ్చింది. వ్యాన్లలో పడకలు, వంటగట్టు అమర్చి అద్దెకిస్తున్నారు.

నిజానికి ఇంటిని వెంటేసుకుని మన కనుమలు దాటడం కొత్తేమీ కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో, డేరాలతో, బోయీలు మోసే పల్లకీలో కడప, అహోబిలం మీదుగానే శ్రీశైలం వెళ్లారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో ఆ మజిలీలన్నీ ఉన్నాయి. అంతకు అయిదు వందల ఏళ్ల ముందే రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించారు. ఉగాదికి కన్నడ భక్తులు నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా ఇప్పటికీ ఆ అడవిదారినే కాలినడకన వస్తారు. వాళ్లకు బరువు భుజం మీద. మనకు చక్రాల మీద. అంతే తేడా.

కానీ ఆ తేడాలోనే ఉంది అసలు చిక్కంతా. సామానుతో, మనుషులతో నిండిన కారవాన్ సులువుగా మూడున్నర టన్నులు తూగుతుంది. వంద లీటర్ల నీళ్లు పోశామంటే వంద కిలోలు ఎక్కించినట్టే. ఎత్తు ఎక్కువ కాబట్టి మలుపులో పక్కకు ఒరుగుతుంది. ట్యాంకు సగమే నిండి ఉంటే లోపలి నీళ్లు మలుపు మలుపుకీ ఓ వైపు కొట్టుకుని ఆ ఊపును ఇంకా పెంచుతాయి. అందుకే కొండ ఎక్కే ముందు ట్యాంకు నిండుగానైనా ఉండాలి, దాదాపు ఖాళీగానైనా ఉండాలి. నీళ్లు కొండ మీదా దొరుకుతాయి కాబట్టి ఖాళీయే మేలు.

నల్లమల ఎక్కుదాం పదండి

కర్నూలు నుంచి శ్రీశైలం సుమారు 180 కిలోమీటర్లు. నందికొట్కూరు, ఆత్మకూరు దాకా అంతా మైదానమే. జొన్నచేలూ, నల్లరేగడీ చూస్తూ హాయిగా వెళ్లిపోవచ్చు. ఆత్మకూరు దాటి బైర్లూటి దగ్గర అడవిలోకి అడుగుపెట్టగానే రోడ్డు స్వభావం మారిపోతుంది. నల్లమలను ఒకసారి ఎక్కి దోర్నాల వైపు దిగాలి. దోర్నాల నుంచి మళ్లీ ఎక్కాలి. తుమ్మలబైలు దాటి శిఖరేశ్వరం చేరేసరికి సముద్రమట్టానికి 2,830 అడుగుల ఎత్తులో ఉంటాం. అక్కణ్నుంచి హాటకేశ్వరం, సాక్షి గణపతి మీదుగా శ్రీశైలానికి మళ్లీ దిగుడే. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది కానీ ఆ మలుపులు మాత్రం అవే.

ఎక్కడం కష్టమనుకుంటాం కదా... ఆ కష్టం బండిదే తప్ప మనిషిది కాదు. మలుపులోకి వెళ్లాక గేరు మార్చకూడదు, ముందే తగ్గించుకోవాలి. వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపేయాలి. అప్పటికీ తగ్గకపోతే జాగా చూసి పక్కన ఆపాలి. పొగలు కక్కే రేడియేటర్ మూత మాత్రం తియ్యకూడదు, వేడినీళ్లు మొహాన చిమ్ముతాయి. మూలమలుపుల్లో పొడవాటి బండి వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకొస్తాయి. కాబట్టి ఎదర ఎవరూ లేరని చూసుకుని కాస్త వెడల్పుగా తిప్పాలి. కారుకు అలవాటుపడ్డ చేతులకు ఇది వెంటనే పట్టుబడదు.

ఇంకో మాట. ఇది పులుల అడవి. రాత్రి తొమ్మిది దాటితే చెక్‌పోస్టుల దగ్గర గేట్లు పడతాయి, తెల్లారి ఆరింటికి గానీ లేవవు. ఇల్లు వెంటే ఉంది కదా, చెట్టు కింద ఆపి పడుకుందాం అంటే కుదరదు. చీకటిపడే లోపే శ్రీశైలం చేరుకోవాలి.

రెండు బిందెల నీళ్లు మరుగుతాయి!

ఇక ఆ మాడువాసన సంగతి. చిన్న లెక్క వేద్దాం. మూడున్నర టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. ఎక్కేటప్పుడు డీజిల్ తగలేసి కూడబెట్టిన శక్తి అంతా దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖర్చయిపోవాలి. అదంతా బ్రేకుల మీదే పడితే పుట్టే వేడి ఎంతో తెలుసా? దాదాపు 30 లీటర్ల నీళ్లను, అంటే రెండు బిందెల నీళ్లను కళపెళా మరిగించేంత! ఆ వేడి మొత్తాన్ని నాలుగు చక్రాల దగ్గరున్న కాసింత ఇనుము భరించాలి.

భరించలేనప్పుడు ఏమవుతుంది? రెండు రకాలు. కారవాన్‌ల లాంటి బండ్లలో బ్రేకు ఆయిల్ ఉంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో బుడగలొస్తాయి. పెడల్ తొక్కితే మెత్తగా నేలకు ఆనుతుంది, బండి ఆగదు. లారీల్లో ఆయిల్ బదులు గాలి ఉంటుంది కానీ, డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తే లోపలి లైనింగులకు పట్టు దొరకదు. రెంటిలోనూ ఫలితం ఒక్కటే.

అందుకే గేరు. రెండో గేరులో పెట్టి యాక్సిలేటర్ వదిలేస్తే ఇంజినే చక్రాలను పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరమైనప్పుడు మాత్రం గట్టిగా ఓసారి తొక్కి వదిలేయాలి. మధ్యలో దానికి గాలి తగిలి చల్లారుతుంది. కాలు ఆనించి ఉంచితే ఆ వ్యవధే దొరకదు.

కొందరు డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దింపుతారు. ఇది శుద్ధ దండగ. గేరులో దిగుతున్నప్పుడు ఇప్పటి ఇంజిన్లు ఇంధనం తీసుకోవడం మానేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిన్ ఆగిపోకుండా కొంత కాలుతుంది. ఇక ఇంజినే ఆపేసి దింపేవాళ్లకు దండం పెట్టాలి. పవర్ స్టీరింగ్, బ్రేకు బలం రెండూ దాంతోపాటే పోతాయి.

దిగేవాళ్లకే ఎక్కువ సమయం

తిరుమల వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1974లో. ఇప్పుడు రెండోది ఎక్కడానికి, మొదటిది దిగడానికి. రెండింటి పొడవులో పెద్ద తేడా లేదు. కానీ దేవస్థానం పెట్టిన కనీస సమయం చూడండి... ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు! అంతకంటే ముందే వచ్చేస్తే తప్పు. ఎక్కేవాడికంటే దిగేవాడికే 12 నిమిషాలు ఎక్కువ ఇచ్చారంటే ప్రమాదం ఎటువైపు ఉందో వేరే చెప్పాలా?

రెండు బండ్లు పట్టని ఇరుకుదారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని నిబంధనలు కూడా చెబుతున్నాయి. ఏటవాలులో ఆగిన బండిని మళ్లీ పైకి లాగడం కష్టం కాబట్టి.

గువ్వలచెరువు గుబులు

నల్లమలలో పాఠం నేర్చుకున్నాక నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరాం. మర్నాడు పొద్దున్నే రాయచోటి రోడ్డు. పాలకొండల మధ్య గువ్వలచెరువు ఘాట్.

నల్లమల ఘాట్‌లా ఇది యాత్రికుల దారి కాదు. కర్నూలు నుంచి చిత్తూరు వైపు వెళ్లే జాతీయ రహదారి. భారీ కంటైనర్లు, సిమెంటు లారీలు, బస్సులు, ఆటోలు, బైకులు... అన్నీ ఈ మలుపుల్లోనే సర్దుకోవాలి. రాయచోటి ఎత్తయిన ప్రాంతం, కడప పల్లం. కాబట్టి అటునుంచి వచ్చే ప్రతి లారీ ఇక్కడ కిందికి దిగాల్సిందే. 2024 ఆగస్టులోనూ 2025 మేలోనూ లారీలు కార్లను బలిగొన్నది ఈ ఘాట్‌లోనే. బాధితులు తప్పించుకునే దారి కూడా ఉండదిక్కడ. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. కొండను తొలిచి సొరంగ మార్గం వేయాలన్న ప్రతిపాదన ఉంది. అది పూర్తయి బండ్లు తిరిగేదాకా ఈ మలుపులే గతి.

ఎక్కుతుండగా ఓ మలుపు దగ్గర పెద్దాయన నెత్తిన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తన సావాసగాడి లారీ ఏళ్ల కిందట ఇక్కడే లోయలోకి పోయిందట.

''బ్రేకు అందలేదంట నాయినా...''

అంతకుమించి ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు. బావ మాత్రం ఓసారి గేరు వంక చూసుకున్నాడు.

కొండ దిగేముందు...

* దిగుడు మొదలయ్యే చోట ఆగండి. బ్రేకు పెడల్ గట్టిగా ఉందో లేదో తొక్కి చూడండి. గేరు అక్కడే తగ్గించండి. వేగం పెరిగాక తగ్గించడం కష్టం.

* బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో బండి ఇచ్చినవాళ్లను అడగండి. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి.

* గ్యాస్ సిలిండర్ కట్టేయండి. కదిలే బండిలో వంట వద్దు. గిన్నెలు, కత్తులు, సూట్‌కేసులు జారకుండా కట్టండి. పడకల మీద ఎవరూ పడుకోకూడదు. అందరూ సీట్లలో, బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

* మాడువాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెంటనే సురక్షితమైన చోట ఆగండి. నీళ్లు పోయొద్దు. వేడి మీద హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయొద్దు, గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెట్టండి. అరగంట ఆగండి.

* వెళ్లేటప్పుడు ఆ రాళ్లను రోడ్డు పక్కకు తీసేయండి. మీరు వదిలేసిన రాయి రాత్రివేళ ఓ బైకు మీదొచ్చేవాడి ప్రాణం తీయొచ్చు.

* బ్రేకు పూర్తిగా పోతే గేర్లు ఒక్కొక్కటీ తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేకును కొంచెం కొంచెంగా లాగుతూ కొండ వైపు ఒరిపించండి. బండి పాడవుతుంది, మనుషులు మిగులుతారు.

* మీ వెనక బండ్ల వరస పెరిగితే జాగా చూసి పక్కకు తీసి దారివ్వండి. తొందర వాళ్లది, బరువు మీది.

ఘాట్ ఎక్కేశాక వచ్చింది గువ్వలచెరువు. పాలకోవాకు పేరుమోసిన ఊరు. రోడ్డు పక్కన దుకాణాల ముందు బండ్లు ఆగి ఉన్నాయి. కారవాన్ తలుపు తెరవగానే గుప్పున ఓ వాసన...

''ఏదో కాగుతోందే!'' అంది అత్త.

ఈసారి ఎవరూ కంగారుపడలేదు. పెద్ద బాణలిలో పాలు మరుగుతున్నాయి. అరకిలో కోవా తీసుకుని, తీరిగ్గా టీ తాగి, అరగంట కూర్చున్నాం. ఇన్నేళ్లూ తాను ఇక్కడ ఆగకుండా ఒక్కసారి కూడా ఘాట్ దిగలేదన్నాడు పెద్దాయన. కోవా కోసం కాదట, బండి కోసమట. నిద్రమత్తు వదులుతుంది, టైర్లు చూసుకోవచ్చు, ఇంజిన్ స్తిమితపడుతుంది.

తిరుగు ప్రయాణంలో బావ రెండో గేరు దాటలేదు. వెనక హారన్లు మోగితే పక్కకు తీసి దారిచ్చాడు తప్ప వేగం పెంచలేదు. కడప మైదానంలోకి దిగాక బండి ఆపి, చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

వెచ్చగా ఉంది. అంతే!