చింతగింజలతో భూగర్భజల పాఠం

బోరు ఎండిపోయిన రైతు అప్పు చేసి మరింత లోతైన బోరు వేయిస్తాడు. కొన్నాళ్లకు ప్రక్క పొలం రైతుకూ అదే గతి పడుతుంది. ఎవరి లెక్క వారికి సబబుగానే ఉంటుంది. అయినప్పటికీ ఊరి నీటిమట్టం ఏటేటా దిగజారుతుంది. విడివిడిగా సరైనవిగా తోచే నిర్ణయాలు కలిసి అందరికీ నష్టం తెచ్చే ఈ తీరును గ్రహించడమే వ్యవస్థాత్మక ఆలోచనకు తొలిమెట్టు. దీనిని ఉపన్యాసం కంటే ఒక సమష్టి అభ్యాసం ద్వారా తేలికగా బోధించవచ్చు.

అభ్యాస విధానం

ఐదుగురు రైతులను ఒక జట్టుగా కూర్చోబెట్టి, మధ్యన 50 చింతగింజలు ఉంచాలి. అవి ఊరి భూగర్భజలం. వరి వేసినవారు 3 గింజలు వాడి 5 పాయింట్లు పొందుతారు. వేరుశనగ వేసినవారు 1 గింజ వాడి 2 పాయింట్లు పొందుతారు. ప్రతి పంటకాలం చివర వర్షం వల్ల 5 గింజలు చేరుతాయి. మొదటి విడతలో ఎవరూ మాట్లాడుకోకుండా తమ పంటను చీటీపై వ్రాయాలి.

ఐదుగురూ వరి ఎంచుకొంటే పంటకాలానికి 15 గింజలు ఖర్చయి 5 మాత్రమే తిరిగి చేరుతాయి. నాలుగు పంటకాలాలు గడిచేసరికి మిగిలేవి 10. ఐదవసారి మూడు పొలాలకే నీరందుతుంది, రెండు ఎండుతాయి. తరుగుదల మొదటి పంటలోనే ఆరంభమైనా, నష్టం ఐదవ పంటలో గాని కంటబడదు. కారణానికీ ఫలితానికీ నడుమ ఉండే ఈ ఆలస్యమే వ్యవస్థలో ప్రమాదకరమైన గుణం.

రెండవ విడతలో చర్చకు అవకాశమివ్వాలి. పంటకాలానికి ఒకరు చొప్పున వంతులవారీగా వరి వేస్తే, పది పంటకాలాలలో ఒక్కొక్కరికి 26 పాయింట్లు వస్తాయి. 30 గింజలు కరవుకాలానికి నిలువ ఉంటాయి.

ప్రక్రియపై దృష్టి

ఫలితం ఎంత ముఖ్యమో, దానిని చేరుకొన్న తీరు అంత ముఖ్యం. ముందుగా మాట్లాడినదెవరు? ఎవరి అభిప్రాయం అడగలేదు? వంతులు ఒప్పందంతో కుదిరాయా, పెద్ద రైతు మాటతోనా? విస్తరణాధికారి ఈ అంశాలను నమోదు చేసి, ఆట ముగిశాక జట్టు ముందుంచాలి. మహిళా రైతులు, చిన్న కమతాలవారు మౌనంగా అంగీకరించిన ఒప్పందం పొలంలో నిలవదు.

క్షేత్రానుభవం

ఆంధ్రప్రదేశ్‌లోని రాతినేల ప్రాంతాలలో ఇటువంటి ఆటలను రెండు స్వచ్ఛంద సంస్థల ద్వారా నిర్వహించిన పరిశోధకులు 2016లో ఫలితాలను ప్రకటించారు. పంట ఎంపికకూ భూగర్భజలానికీ గల సంబంధంపై గ్రామస్థులు చర్చించుకొనేందుకు ఈ ఆటలు నాంది పలికినట్లు వారు గుర్తించారు.

అయితే ఆట చర్చకు ద్వారం మాత్రమే. కొలతలకు ప్రత్యామ్నాయం కాదు. ఏడు కరవు పీడిత జిల్లాలలో అమలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో రైతులే వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు పంటల నీటి లెక్క వేసుకొన్నారు. కనుక ఆట ముగిసిన వెంటనే, చింతగింజల స్థానంలో ఆ ఊరి బావుల నిజమైన కొలతలను ఉంచి, రాబోయే రబీ పంటలపై రైతులచేత చర్చింపజేయాలి. అప్పుడే నేర్చిన పాఠం పొలానికి చేరుతుంది.